భుజం మీది నూనె

పుత్తూరులో ఎవరికైనా చెయ్యి విరిగిందంటే కట్టు కట్టేవాళ్ళ ఇంటికి దారి చూపించడానికి పదిమంది లేస్తారు. అదే ఊళ్ళో అమల ఆడే ఆట ఏమిటని అడిగితే మాత్రం ఒక్కరూ సరిగా చెప్పలేరు. నీళ్ళల్లో బంతాట అంటారు కొందరు. "పోలో అంటే గుర్రాలు గదప్పా, గుర్రాలు యాడ ఈదతాయి?" అని నవ్వేవాళ్ళు ఇంకొందరు. ఆ అమ్మాయి ఏళ్ళ తరబడి దేశం పేరున్న టోపీ పెట్టుకుని ఆసియా పోటీల్లో దిగిందన్న సంగతి వాళ్ళ వీధి చివరి టీ అంగడిలో కూడా తెలియదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎప్పుడూ ఓడిపోయే జట్టు గురించి పేపరు వాడు మాత్రం ఏం రాస్తాడు, రాస్తే ఎవడు చదువుతాడు?

అమల నాయన కుప్పయ్యది బావుల్లో పడినవాటిని పైకి తీసే పని. మోటారు పడినా, బిందె పడినా, మేకపిల్ల పడినా చుట్టుపక్కల రైతులు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు. ఆయన అడుగుదాకా మునిగి తాడు కట్టి వచ్చేవరకూ ఆ తాడు రెండో కొస పట్టుకుని నీళ్ళలో ఉండే మనిషి ఒకరు కావాలి. మగపిల్లలు లేరు, కూతురినే దించాడు. రెండు చేతులూ తాడు మీద ఉంటే ఇక కాళ్ళతోనే తేలాలి. ఎలా తేలాలో ఎవరూ చెప్పలేదు. మునిగితే నాయన తాడు వదిలేసినట్టేనన్న భయం ఒక్కటే ఆ కాళ్ళకు చదువు చెప్పింది.

బడివాళ్ళు ఒకసారి ఈత పోటీలకు తిరుపతి తీసుకెళ్తే అమల అందరికంటే చివర వచ్చింది. గెలిచిన పిల్లలు గోడ పట్టుకుని రొప్పుతున్నారు. ఈమె కొలను నడిమధ్య నిటారుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, తీరిగ్గా జడ పిండుకుంటోంది. గట్టు మీద కోచ్ ధనంజయ ఉన్నాడు. చిత్తూరు మనిషి, ఒకప్పుడు తానూ వాటర్ పోలో ఆడి, ఎవరూ చూడని ఆట మీద జీవితం పెట్టుకున్న మొండిఘటం. "ఈత రాదు గానీ, ఈ పిల్లకు నీళ్ళల్లో నిలబడేది వచ్చునప్పా!" అని పక్కవాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ చరుపుతోనే అమల జీవితం మలుపు తిరిగింది. హాస్టలు, రాష్ట్ర జట్టు, ఆటల కోటాలో రేణిగుంట రైల్వేలో ఉద్యోగం, ఆ తర్వాత దేశపు జట్టు.

ఈ ఆటలో ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. కాలు నేలకు ఆనించకూడదు, అంచు పట్టుకోకూడదు, బంతిని ఒంటిచేత్తోనే పట్టి ఒంటిచేత్తోనే విసరాలి. ఎదుటి జట్టులోని బలమైన మనిషి, సెంటరు అంటారు, మన గోలు ముందు వచ్చి పాతుకుంటుంది. ఆమెను వెనక నుంచి కాచుకుని కదలనివ్వకుండా చేయడం అమల పని. చూసేవాళ్ళకు పైన రెండు టోపీలు కనబడతాయి, అంతే. కింద జరిగేది కుస్తీ. మోకాలితో పొడుస్తారు, కాస్ట్యూమ్ పట్టుకుని లాగుతారు, కడుపులో తంతారు. రిఫరీకి పైన కనబడిందే నిజం. ఆ మాటకొస్తే మన పంచాయతీ ఎన్నికలూ అంతేగా.

అమల ఆడిన ఆసియా పోటీల్లో మన జట్టు ఒక్క ఆటా గెలవలేదు. ఇది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు. చైనా వాళ్ళు, జపాన్ వాళ్ళు పలక పట్టే వయసు నుంచీ ఇదే పనిమీద ఉంటారు. మనవాళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టుకుని క్యాంపుకు వచ్చి, క్యాంపు అయిపోగానే మళ్ళీ టికెట్ కౌంటరులో కూర్చుంటారు. పిండి కొద్దీ రొట్టె. అయినా ముప్ఫై ఏళ్ళు దగ్గరపడుతుంటే అమల మనసులో ఒకే ఒక్క కోరిక మిగిలింది. పతకం వద్దు, పేరు వద్దు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆసియాలో గెలిచి నీళ్ళలోంచి బయటికి రావాలి. గెలిచినవాళ్ళు గట్టు ఎక్కేటప్పుడు ఒళ్ళు ఎంత తేలికగా ఉంటుందో ఆమెకు తెలియదు. అది తెలుసుకోకుండా ఆట మానేయడం ఇష్టం లేదు.

కానీ కుడి భుజం మానేయమంటోంది. ఏళ్ళ కుస్తీకి అది అరిగిపోయింది. డాక్టర్లు సూదులేశారు, ఫిజియోలు రబ్బరు పట్టీలు లాగించారు. తల్లి అక్కమ్మకు వీటిలో వేటి మీదా గురి లేదు. కట్టు కట్టేవాళ్ళ దగ్గర నువ్వుల నూనెలో ఏవో ఆకులు వేసి కాచిన నూనె తెచ్చేది. తెచ్చి ఊరుకునేది కాదు. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి జోయల్ పాస్టరు ముందు పెట్టి ప్రార్థన చేయించేది. "మందు కట్టోళ్ళది, మాట దేవునిది. రెండూ కలిస్తే ఇంక నొప్పి యాడ నిలబడతాది?" అనేది. అమల ఇంటికి వచ్చినప్పుడల్లా ముందర కూర్చోబెట్టుకుని, పాట పాడుకుంటూ, ఆ భుజాన్ని మెడదాకా రుద్దేది. ఆ వాసన అమల బట్టలకు, సంచికి, తలగడకు పట్టేసింది. క్యాంపులో అమ్మాయిలు ఆమె సంచీని కళ్ళు మూసుకుని గుర్తుపట్టేవాళ్ళు.

ఆసియా పోటీలకు బయలుదేరే ముందు ఇంటికి వచ్చినప్పుడు సీసా గురించి తల్లీకూతుళ్ళకు వాదన వచ్చింది.

"సీసా బ్యాగులో పెట్టొద్దు మా. ఒంటికి నూనె ఉంటే ఆటలోంచి పంపించేస్తారు."

"ఎందుకంట?"

"నూనె పూసుకుంటే ఒళ్ళు జారతాది. ఎదుటోళ్ళు పట్టుకోలేరు. అది మోసం కింద లెక్క."

"దేవుని నూనెకి గూడా రూలా?"

"దేవునికి లేదు, నాకుండాది" అంది అమల. అక్కమ్మ ఫక్కున నవ్వింది. కూతురి మాట ఎప్పుడూ తీసేసే మనిషి కాదు. సీసా తీసి గూట్లో పెట్టేసి, "సరే, పెట్టను. మాటంటే మాటే" అంది.

జట్టువాళ్ళు ఇచ్చిన కాస్ట్యూములు రెండు ఉన్నాయి. అక్కమ్మ రెండింటినీ మంచం మీద పరిచి చూసింది. ఒకటి ఇప్పటికే తడిసి ఆరినది, ఒకటి కవరు విప్పనిది.

"ఏది పాపా, గెలిచే ఆటకి?"

గెలిచే ఆట ఒకటి ఉందని ఆమె ఎంత సులువుగా అనేసిందో! ఉన్న ఆటల్లో సింగపూరుతో ఆఖరి ఆట ఒక్కటే గెలవగలిగినది. కొత్తది ఆ ఆటకేనని చెప్పింది.

"అయితే దీన్ని సర్చికి తీసకపోయి ప్రార్థన చేయించకొస్తా. ప్రార్థన జారదు గదా నీళ్ళల్లో?"

"అది జారదులే" అని అమల కూడా నవ్వింది. మర్నాడు అక్కమ్మ కాస్ట్యూమును మళ్ళీ అదే కవరులో మడతపెట్టి తెచ్చి, తన చేతులతో సంచి అడుగున పెట్టింది.

పోటీలు చైనాలో, ఒక పెద్ద పట్నంలో. మన జట్టుతో సహాయ కోచ్‌గా ధనంజయ కూడా వెళ్ళాడు. కొలను చూస్తే కళ్ళు తిరిగాయి అందరికీ. అడుగున పలకలు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. మొదటి ఆటే చైనా వాళ్ళతో పడింది. అమల కాచుకోవాల్సిన అమ్మాయిది మెడా భుజాలూ ఒకటే మందం. పట్టుకుంటే రోలును పట్టుకున్నట్లే ఉంది. ఆమె ఒక్కసారి నడుము తిప్పితే అమల నీళ్ళ కిందికి పోయేది, పైకి వచ్చి గాలి పీల్చేసరికి వెనకాల వల కదిలేది. అలా ఎన్ని గోల్స్ పడ్డాయో అమల లెక్కపెట్టడం మానేసింది. లెక్కకంటే ఎక్కువ నొప్పించేది ఇంకోటి ఉంది. గోలు వేసినప్పుడు ఆ అమ్మాయిలు అరవలేదు, చేతులు ఎత్తలేదు, నవ్వను కూడా నవ్వలేదు. అంట్లు తోమి బోర్లించినవాళ్ళలా తిరిగి చూడకుండా తమ వైపుకు ఈదుకుంటూ వెళ్ళిపోయారు. తిడితే పడవచ్చు, కొడితే కాచుకోవచ్చు. మన మీద గెలవడం వాళ్ళకు సంబరపడేంత పని కూడా కాదని తెలిస్తే ఏం చేయాలి? ఆ రోజు బస్సులో అమల కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

జపాన్, కజకిస్తాన్ ఆటలూ అలాగే పోయాయి. భుజం మంటలెత్తుతోంది. అన్నం ముద్ద ఎడమచేత్తో తింటోంది. కానీ లోపల ఎక్కడో చిన్న పట్టుదల. సింగపూరు అమ్మాయిలు మనలాంటివాళ్ళే. చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళే. ధనంజయ అమలను పక్కకు పిలిచి, "ఈ ఒక్కటి కొట్టినామంటే సాలు మే. నేను గూడా ఒకసారి గెలిచి ఇంటికి పోతాను" అన్నాడు. ఆయన గొంతులో బతిమాలుతున్నట్లు వినబడింది. అంత పెద్దమనిషి అలా అడగడం అమల ఎప్పుడూ వినలేదు.

ఆట రోజు కొత్త కాస్ట్యూమ్ వేసుకుంది. ఇంటి వాసన గుప్పుమంది. సంచి అంతా అదే వాసన కదా అనుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తల్లిని తలుచుకుంది. ఆటకు ముందు అందరినీ వరసగా నిలబెట్టి తనిఖీ చేశారు. గోళ్ళు చూశారు, చెవులు చూశారు, చేతులు తడిమి చూశారు. కాస్ట్యూమ్ పట్టీల కింద ఏముందో ఎవరు చూస్తారు? నీళ్ళలోకి దూకారు.

ఆ రోజు అమల ఆడిన ఆట ధనంజయకు ఈనాటికీ కళ్ళ ముందు ఆడుతుంది. సింగపూరు సెంటరు అమ్మాయి ఎటు తిరగబోతే అటు అమల చెయ్యి ముందే ఉండేది. బంతి ఆమె దాకా చేరితే కదా గోలు వేయడానికి! రెండుసార్లు బంతి లాక్కుని ముందుకు విసిరితే మనవాళ్ళు గోల్స్ కొట్టారు. సగం ఆట అయ్యేసరికి మన జట్టు రెండు గోల్స్ పైన ఉంది. బెంచీ మీది పిల్లలు గొంతు పోయేలా అరుస్తున్నారు. అన్నిటికంటే విచిత్రం, భుజం నొప్పి లేదు. పైకెత్తితే లేస్తోంది, తోస్తే తోస్తోంది. దేవుడే దిగివచ్చాడనుకుంది అమల.

మూడో భాగంలో సింగపూరు అమ్మాయి ఒక్కసారిగా ఆట ఆపి, చెయ్యి పైకెత్తి రిఫరీని పిలిచింది. అరచెయ్యి చూపించి ఏదో చెప్పింది. రిఫరీ విజిల్ ఊది, అమలను గట్టు దగ్గరికి రమ్మంది. వంగి, కాస్ట్యూమ్ పట్టీ పక్కకు జరిపి, రెండు వేళ్ళతో భుజాన్ని రాసి చూసింది. ఆ వేళ్ళను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అవి మెరుస్తున్నాయి. అమల చుట్టూ నీళ్ళ మీద కూడా సన్నగా, రంగురంగులుగా ఏదో తేలుతోంది. రిఫరీ బయటికి రమ్మని చెయ్యి చూపించింది. ఈ ఆటలో ఇక దిగడానికి లేదు, ఆమె బదులు ఇంకొకరు దిగవచ్చు. రూలు అది.

అమలకు ఏమీ అర్థం కాలేదు. నేను పూసుకోలేదు, పూసుకోలేదు అని తెలుగులోనే చెప్పుకుంటూ గట్టు ఎక్కింది. టవలు కప్పుకుని బెంచీ చివర కూర్చుని, ముక్కు భుజానికి ఆనించింది. కొలను మందు వాసన కింద, ఘాటుగా, వెచ్చగా ఇంకో వాసన ఉంది. నువ్వుల నూనె, కాగిన ఆకు. పట్టీ లోపలివైపు తడిమింది. కుట్టు పొడుగునా జిగురు. ఒక్కసారి పూసింది కాదు. పూసి, ఇంకనిచ్చి, మళ్ళీ పూసింది. సీసా పెట్టనని మాట ఇచ్చింది, పెట్టలేదు. ఆ తల్లి మాట తప్పలేదు.

అమల బదులు దిగిన పిల్ల కొత్తది. భయపడిపోయింది. సింగపూరు సెంటరు అమ్మాయి గోలు ముందు పాతుకుపోయి ఒకటి వేసింది, ఇంకొకటి వేసింది, మూడోదీ వేసింది. బెంచీ మీద అరుపులు ఆగిపోయాయి. ఆఖరికి ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఎప్పుడూ ఇరవై, పాతికతో ఓడే జట్టు అది. ఒక్క గోలుతో ఓడడం ఇంత బరువుగా ఉంటుందని అప్పుడే తెలిసింది వాళ్ళకు. గెలిచిన అమ్మాయిలు నీళ్ళలోనే ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. ఆ సంబరం అమలకు దక్కవలసింది. టవలు తల మీదికి లాక్కుని, చూడకుండా కూర్చుంది.

ధనంజయ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవురు పూసినారమ్మే?"

నోటిదాకా వచ్చింది మాట. చెబితే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే కనబడింది. ఆయన పుత్తూరుకు ఫోను చేస్తాడు. ఇంత పని చేసినావేమమ్మా అంటాడు. అక్కమ్మకు తెలుస్తుంది. కూతురు జీవితంలో కోరుకున్న ఒక్కటీ తన చేతిమీదుగానే పోయిందని ఆ పిచ్చితల్లికి తెలుస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

"నేనే సార్. నొప్పి తట్టుకోలేక పూసుకున్నాను."

ఆయన కొట్టినా బాగుండేది. కొట్టలేదు. "నీకు ఈ రూలు నేను గదమ్మే నేర్పించింది" అని, టోపీ తీసి మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయిలు తిరుగు ప్రయాణమంతా అమలతో మాట్లాడలేదు. నూనె పిల్ల అని వెనకాల ఎవరో అన్నారు. దేశం పరువు తీసిందని జట్టు నడిపే పెద్దవాళ్ళు అన్నారు. మోసగత్తె అన్న మాట మాత్రం ఎవరూ నోటితో అనలేదు. అనకుండానే అందరి చూపుల్లోనూ అదే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అక్కమ్మ గడపలోనే ఎదురుచూస్తోంది. ఓడినారా గెలిచినారా అని అడగలేదు. ముందు భుజం పట్టుకుని చూసింది. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, దొంగతనం చేసిన చిన్నపిల్లలా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీకు సెప్పకుండా ఒక పని సేసినా పాపా. సీసా పెట్టొద్దంటివి గదా, పెట్టలే. ఒంటికి గదా రూలు, కొత్త గుడ్డకి భుజాల కాడ లోపల పూసినా. సర్చిలో కూసోని, ప్రార్థన సేస్తా సేస్తా పూసినా. పనిచేసిందా?"

ఆ మొహం చూస్తూ ఏ కూతురు ఏం చెబుతుంది?

"పనిచేసింది మా. ఆ పొద్దు నొప్పే తెలీలే."

అది అబద్ధం కూడా కాదు. అక్కమ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పుకుంది. అమల పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని, వినబడకుండా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

తర్వాత క్యాంపుకు పిలుపు రాలేదు. ఆ పైదానికీ రాలేదు. వయసైపోయింది మా, కొత్తవాళ్ళు వచ్చినారు అని అమల సర్దిచెప్పింది. రేణిగుంటలో డ్యూటీ, సెలవు రోజున ఇల్లు. అదీ బతుకే. దేశపు టోపీ లేకుండా కూడా జనం బతుకుతూనే ఉన్నారు. మోసం చేసిందన్న మాట మాత్రం లోపల చెప్పులో రాయిలా నలుగుతూ ఉండేది. ఆ రాయిని ఆమె బయటికి తీయలేదు. తీస్తే తల్లి కాలికింద పడుతుంది.

అలా అయితే ఈ కథ ఇంతటితో ఆగేది. అమల ఒక్కతే మోసేది, మోస్తూ మోస్తూ అలవాటు పడేది. కానీ ధనంజయ బాత్రూములో జారిపడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. చిత్తూరు మనిషికి చెయ్యి విరిగితే ఎక్కడికి వస్తాడు? పుత్తూరికే. కట్టు కట్టించుకుని, వెదురు దబ్బలూ గుడ్డా చుట్టిన చేతిని మెడకు తగిలించుకుని, ఊళ్ళోకి వచ్చి శిష్యురాలిని చూడకుండా పోతే బాగుండదని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజు అమలకు సెలవు.

అక్కమ్మ సంబరానికి అంతు లేదు. సారుకు ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేసి, రాగి సంగటి, పప్పు పెట్టింది. కుడిచెయ్యి కట్టులో ఉందని చెంచా ఇచ్చింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ధనంజయ చెంచా పక్కన పెట్టాడు. కోపం లేదు ఆయనలో. పాతబడిన బాధ ఉంది.

"ఒకటి అడగతా అమలా, మనసులో పెట్టుకోవద్దు. నువ్వు తెలివితక్కువదానివి కాదు. నీ అంత రూలు తెలిసినోళ్ళు జట్టులో ఇంకొకరు లేరు. గెలిచే ఆట అది. సేతిలోకి వచ్చేసిన ఆట. ఎందుకు పూసుకున్నావమ్మే ఆ నూనె?"

అమల కంగారుగా కళ్ళతో సైగ చేసింది. "అయిపోయిన కత ఎందుకు సార్, పప్పు సల్లారిపోతాది, తినండి" అంది. ఆయన చూసుకోలేదు. గుండెలో ఉన్నది ఒలికిపోతోంది.

"నూనె ఉండాదని నిన్ను బయటికి పంపకపోయింటే గెలిచేవాళ్ళం. నిన్ను క్యాంపుకి పిలవమని ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నాకు తెలుసు. మోసం సేసిన పిల్లని మళ్ళా పిలిచేది లేదన్నారు."

వంటింటి గుమ్మంలో అక్కమ్మ నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ చెంబు.

"ఏ నూనె సార్?"

అక్కమ్మ కూతురి మొహం చూసింది. ఆ మొహంలో చదవాల్సిందంతా ఉంది. చెంబు జాగ్రత్తగా కింద పెట్టింది. ఒలకలేదు, పడలేదు. గోడకు ఆనుకుని నిలబడి, సంతలో ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ బిడ్డ పూసుకోలేదు సార్. నేను పూసినా. గుడ్డకి పూసి పంపిస్తి. పాపకి తెలీదు."

ధనంజయ కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. అమల వైపు తిరిగాడు.

"ఆ పొద్దే సెప్పింటే..."

"సెప్పింటే ఏం సార్, ఆట వెనక్కి వస్తాదా?" అంది అమల. అనేసి, తల్లి వైపు చూడలేక నేల చూపులు చూసింది.

ఆయన పెద్దవాళ్ళతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా, మాట నిలబెట్టుకునే మనిషే. ఎవరు పూసినా ఒంటి మీద ఉన్నది నూనేనన్నారు వాళ్ళు. అదీ నిజమే. జట్టు అప్పటికే కొత్త పిల్లలతో నిండిపోయింది.

అక్కమ్మ ఆ రోజు ఏడవలేదు. ఏడ్చి ఉంటే అమల ఓదార్చేది, ఓదార్చడానికి మాటలు ఏనాడో సిద్ధం చేసి పెట్టుకుంది. అక్కమ్మ అంట్లు తోమింది, సారుకు వెళ్ళేటప్పుడు మామిడికాయలు కట్టి ఇచ్చింది. ఆ తర్వాత మనిషి మారిపోయింది. అమల బట్టలు ముట్టుకునేది కాదు. సంచి సర్దబోతే, "నువ్వే సర్దుకో పాపా" అనేది. తల దువ్వుకుంటుంటే దువ్వెన అందుకునే అలవాటు ఉండేది, అది మానేసింది. కుప్పయ్య ఒకసారి "ఏందే, బిడ్డ మీద కోపమా?" అని అడిగితే, పొయ్యి ఊదుకుంది.

ఆదివారం ఇద్దరూ చర్చికి వెళ్ళారు. జోయల్ పాస్టరు ఎప్పటిలా ప్రార్థన అవసరాలు చెప్పమన్నాడు. అక్కమ్మ లేచింది. వాన కోసం అడిగింది. పక్కింటామె ఆపరేషన్ కోసం అడిగింది. ధనంజయ సారు చెయ్యి అతుక్కోవాలని అడిగింది. కుప్పయ్య దగ్గు తగ్గాలని అడిగింది. అమల తన పేరు కోసం చూస్తూ కూర్చుంది. తను బావి తాడు పట్టుకున్న నాటి నుంచి ఆ చర్చిలో అక్కమ్మ నోట కూతురి పేరు పలకని ఆదివారం లేదు. పాస్టరు కూడా ఆగి, "ఇంకేమన్నా ఉందా అక్కమ్మా?" అన్నాడు.

"అంతే అయ్యగారూ" అని అక్కమ్మ కూర్చుంది.

ఇంటికి నడుస్తుంటే అమల ఉండబట్టలేక అడిగింది.

"నా పేరు మరిసిపోయినావా మా?"

"మరిసిపోతానా?" అక్కమ్మ నడక ఆపలేదు. కొంత దూరం పోయాక చెప్పింది. "భయం పాపా. నేను నీకు మంచి జరగాలనే గదా పూసింది? ప్రార్థన సేసే గదా పూసింది? అదే నిన్ను ముంచింది. ఇంగ నాకు ఏది మంచో ఏది సెడో తెలీదు. నేను నోరు తెరిసి అడిగితే మళ్ళా ఏం పోతాదో. అందుకే దేవుని ముందర గూడా నీ పేరు ఎత్తకుండా గమ్మున ఉండా."

ఈ మాట వినకూడదనే అమల చైనాలో ఆ అబద్ధం చెప్పింది. ఆటను పోగొట్టుకుంది, పేరు పోగొట్టుకుంది, పోతే పోనీ, ఈ భయం ఒక్కటి తల్లిని పట్టుకోకూడదనుకుంది. అదే పట్టుకుంది. ఇప్పుడు ఏం పోగొట్టుకుంటే అది వదులుతుందో ఆమెకు తెలియదు. పట్టపగలు, బజారు మధ్యలో, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా అమలకు ఏడుపు తన్నుకొచ్చింది.

అక్కమ్మ ఆగింది. కూతురి కళ్ళు తుడవడానికి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి మొహం దాకా పోలేదు, సగంలోనే ఆగిపోయింది. చీర కొంగు తీసి అమల చేతిలో పెట్టింది.

"నువ్వే తుడుసుకో పాపా" అంది.